ఖాన్ చాచా క్యాసెట్ మీద నా పాట

మొన్న శుక్రవారం మా మనవరాలు నా ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడింది. కడప నుంచి మా మేనమామ కొడుకు పంపిన వాయిస్ మెసేజ్‌ను వినబోయి చెరిపేసిందట. వాళ్లింటి పెళ్లి తారీకు అందులోనే ఉంది. పిల్ల వాళ్లమ్మ తిట్టడానికి అప్పటికే గొంతు సవరించుకుంటోంది. నాకేమో నవ్వు ఆగలేదు. ఈ పిల్లది అచ్చం నా పోలికే అని అందరూ అంటుంటే, ఇన్నాళ్లూ ముక్కు గురించి అంటున్నారనుకున్నాను.

ఫోన్ చేసి అడిగితే మళ్లీ చెప్తారులే అని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఇప్పుడంటే పోయిన మాటను నిమిషంలో మళ్లీ అడగొచ్చు. తొమ్మిదేళ్ల వయసులో నేను చెరిపిన మాటకు ఆ వీలు లేకపోయింది. దాంతో ఎక్కడో కొండల్లో ఒక జిల్లాను ఏలే ఖానే మారిపోయాడు. బౌషర్‌లో ఈ మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ కింద కూర్చుని చెప్తే గొప్పలు పోతున్నాననుకుంటారు. కానీ జరిగింది అదే.

అప్పట్లో మేం ఇదే ఒమాన్‌లో, బహ్లా అనే పాత ఊళ్లో ఉండేవాళ్లం. సూక్ అనే బజారు వెనక, రెండు గాడిదలు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాల్సినంత సన్నటి సందు. మట్టి ఇళ్లు, ఖర్జూరపు దూలాలు. సాయంత్రం కుమ్మరి బట్టీల్లో ఎండు మట్టలు కాలుతుంటే ఆ పొగ తియ్యగా వచ్చేది. గాలి అటు తిరిగితే ఎండు సొరచేప వాసన వచ్చేది, అమ్మ ముక్కు మూసుకుని కిటికీ వేసేసేది. మా ముందుగదే మా అబ్బా దర్జీ అంగడి. ఒమానీలు తొడిగే పొడుగు చొక్కాలు, దిష్‌దాషాలు కుట్టేవాడు. వాటికి మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చు ఉంటుంది, అది కట్టడం అమ్మ పని. కత్తిరించిన ముక్కలు ఏరి బొమ్మలు చెయ్యడం నా పని. ఆ గదిలో ఎప్పుడూ కుట్టుమిషను నూనె, గంజి పెట్టిన కొత్తబట్ట కలిసిన వాసన ఉండేది. ఇప్పటికీ అల్ ఖువైర్‌లో మా ఆఫీసు కింద బట్టల కొట్టు ముందు నుంచి పోతే నా కాళ్లు నెమ్మదిస్తాయి.

ఎదురింట్లో ఇరవై మంది పఠాన్లు అద్దెకుండేవాళ్లు. అందరిదీ ఒకే జిల్లా. పాకిస్తాన్‌లో ఎక్కడో పైన, మంచు పడే చోట, బస్సు దిగాక ఒక పూట నడవాలట. సైట్ నుంచి వచ్చి కూర్చుంటే వాళ్లకు ఆ జిల్లా తప్ప వేరే మాట లేదు. అందులో ఉర్దూలో చెప్పుకున్నదంతా నేను విన్నాను కాబట్టి, ఆ జిల్లా నాకు కడపకన్నా బాగా తెలుసు.

అక్కడ రెండు కుటుంబాలదే పెత్తనం. రెండూ ఒకే ముత్తాత సంతానం. పై లోయ ఒకరిది, కింది లోయ ఇంకొకరిది. మధ్యలో ఏటి మీద చెక్క వంతెన ఎవరిదన్న దాని మీద మూడు తరాలు కొట్టుకున్నారట. నాలుగో తరానికి వరదొచ్చి వంతెనే పోయిందట. ఇంక కొట్టుకోవడానికి ఏమీ లేక వియ్యమందుకున్నారట. కుటుంబ పెద్దను ఖాన్ అంటారు. మా కడపలో ఖాన్ అనేది పేరు చివర ఉండేది, సైకిల్ షాపాయన కూడా ఖానే. వాళ్ల దగ్గర అది పదవి. పాత ఖాన్ పోతే నలభయ్యో రోజున ఊళ్ల పెద్దలంతా కూడి కొత్త ఖాన్ తలకు పాగా చుడతారు. ఒక్కో ఊరి పెద్ద ఒక్కో చుట్టు. ఒక ఊరివాళ్లు అలిగి రాకపోతే ఆ పాగా ఆ మేరకు పొట్టిగానే మిగిలిపోతుందట.

ఖాన్ ఇంటి ముందు హుజ్రా అని మగవాళ్ల విడిది ఉంటుంది. వీళ్ల ఖాన్ హుజ్రాలో నలభై నులక మంచాలు. ఎవరైనా రావచ్చు, తినొచ్చు, పడుకోవచ్చు. మూడు రోజుల వరకు నీ పేరేమిటని కూడా అడగకూడదు. అది విన్న మా అమ్మ, మరి ఆ ఇంట్లో రొట్టెలు చేసే ఆడవాళ్ల సంగతేంటని అబ్బా ద్వారా అడిగించింది. ఎదురింటి నుంచి జవాబు రాలేదు.

ఆ పై లోయ ఖాన్ సొంత తమ్ముడు మా ఎదురింట్లోనే ఉండేవాడు. మంచినీళ్ల ట్యాంకర్ డ్రైవర్. నేను ఖాన్ చాచా అనేదాన్ని. గుమ్మంలోకి వస్తుంటే తల వంచుకోవాల్సినంత ఎత్తు, గోరింటాకు పెట్టిన గడ్డం. నలభై మంచాల ఇంట్లో పుట్టినవాడు ట్యాంకర్ తోలడమేమిటంటే, మంచాలు నలభై అలాగే ఉన్నాయి కానీ భూములు తరిగిపోయాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఆయనకు బండి తోలడమంటే పిచ్చి. సందు మొదట్లో ట్యాంకర్ ఆపి మూడుసార్లు హారన్ కొట్టి, గొట్టం భుజాన వేసుకుని ఒక్కో ఇంటి తొట్టి నింపుకుంటూ వచ్చేవాడు. ఒమానీ ముసలమ్మలు కూడా ఆయన కోసం గుమ్మాల్లో నిలబడేవాళ్లు.

ఆయనకు డ్యూటీ ఇప్పించింది అదే ఇంట్లో ఉండే మేస్త్రీ చాచా. పొట్టిగా, చురుగ్గా, నోరు కాస్త పెద్దగా ఉండే మనిషి. మేస్త్రీ చాచా తండ్రీ, తాతా ఖాన్‌ల పొలం కౌలుకు చేసినవాళ్లు. ఇక్కడ సైట్‌లో ఆయన మాటే శాసనం. ట్యాంకర్ ఆలస్యమైతే ఖాన్ చాచా మీద అందరి ముందూ గట్టిగా అరిచేవాడు, ఈయన తలవంచుకుని వినేవాడు. సాయంత్రం ఎదురింటి గుమ్మం దాటాక లెక్క తిరగబడేది. గోడవార దిండు ఖాన్ చాచాది. మేస్త్రీ చాచా చెంబు తెచ్చి ఆయన చేతుల మీద నీళ్లు పోసి, తువాలు అందించి, ఆయన ముద్ద ఎత్తాకే తాను ఎత్తేవాడు. పగలు తిట్టి సాయంత్రం చేతులు ఎందుకు కడుగుతావని నేను ఒకసారి అడిగేశాను. పగలు తిట్టింది డ్రైవర్‌ను, సాయంత్రం కడిగింది ఖాన్ చేతుల్ని అని చెప్పాడు. ఇంత చిన్న సంగతి నాకు తెలియనందుకు ఆశ్చర్యపోయాడు కూడా.

వాళ్లకు మా మీద అభిమానం పుట్టింది మా ఇంటిపేరు వల్ల. మా ఇంటిపేరు పఠాన్. కడప వైపు ఆ ఇంటిపేరున్న ఇళ్లు వీధికి పది ఉంటాయి. అబ్బా కార్డు మీద అది చదివి మేస్త్రీ చాచా కావలించుకున్నంత పని చేశాడు. ఏ తెగ అన్నాడు. అబ్బాకు తెలియదు. ఏ లోయ అన్నాడు. కడప అన్నాడు అబ్బా. ఇంట్లో మేం మాట్లాడేది సగం ఉర్దూ, సగానికి పైగా తెలుగు. పష్తో ఒక్క ముక్క రాదు. తుపాకీ సంగతి అటుంచితే, మా అబ్బా బల్లిని చూసి మిషను మీదికెక్కే మనిషి. అయినా ఎదురింట్లో రెండు సాయంత్రాలు చర్చించి, మేం ఎప్పుడో దారితప్పి దక్షిణానికి పోయిన శాఖ అని తేల్చారు. ఆ సంతోషంలో ఖాన్ చాచా అబ్బాకు ఒక పాగా గుడ్డ బహూకరించాడు. అబ్బా దాన్ని అద్దం ముందు చుట్టుకుని అటూ ఇటూ తిరిగి చూసుకోవడం, అమ్మ చూస్తోందని తెలిసి దగ్గడం నాకు గుర్తుంది. అప్పటి నుంచి వాళ్ల పంచాయితీల్లో ఆయన్ను కూర్చోబెట్టేవాళ్లు. భాష రాదు కాబట్టి ఎవరి పక్షమూ వహించడని ఆయనంటే అందరికీ గురి.

నాకు మాత్రం లాభమంతా తిండి దగ్గర. ఖాన్ ఇంటివాళ్లు ఒంటరిగా తినరు. పళ్లెం ముందు ఇంకొకరు లేకపోతే ముద్ద దిగదు. మిగతావాళ్లంతా సైట్‌లో ఉండే మధ్యాహ్నం పూట ఖాన్ చాచా సందులోకి వచ్చి, కనపడినవాళ్లను లాక్కుపోయేవాడు. సాధారణంగా కనపడేది నేనే, కనపడేలా నిలబడేదాన్ని కాబట్టి. తందూరు రొట్టె, అరచేయంత చప్లీ కబాబు, దాని మీద దంచిన దానిమ్మ గింజల పులుపు, తరువాత యాలకుల పచ్చటీ. అది తిని వచ్చి మళ్లీ అమ్మ సంగటి ముద్ద ముందు ఏమీ తెలియనట్టు కూర్చునేదాన్ని. పెరిగే పిల్ల తినడం లేదని అమ్మ దిగులుపడి గోంగూర పచ్చడి నూరితే, సగం గిన్నె ఖాన్ చాచాకు పోయేది. ఆయన దాన్ని రొట్టెలో చుట్టుకుని కళ్లనీళ్లు కారుతుండగా ఇంకా ఇంకా అడిగేవాడు.

ఇంక క్యాసెట్ల సంగతి. ఆ జిల్లాలో ఫోన్ అంటే కింది లోయ బజారులో ఒకటే. కలవడానికి మూడు రోజులు, కలిస్తే గాలి హోరు. అందుకని ఇంటి నుంచి కబుర్లు క్యాసెట్ల మీద వచ్చేవి, సెలవు మీద పోయినవాళ్లు తెచ్చేవాళ్లు. సందు మొత్తానికి మంచి టేప్ రికార్డర్ మాదే. శుక్రవారం నమాజు అయ్యాక అబ్బా దాన్ని కిటికీలో పెట్టేవాడు. పఠాన్లు సందులో చాపలు పరిచి కూర్చునేవాళ్లు. అమ్మ లోపలి నుంచి టీ పంపేది. ముసలమ్మల గొంతులు, కోళ్ల కూతలు, పిల్లలు మైకు నాకిన చప్పుడు, గేదెకు దూడ పుట్టిందని పది నిమిషాల వర్ణన. ఒకరి తల్లి మాట్లాడితే ఇరవై మందీ టోపీలు సర్దుకుని వినేవాళ్లు.

ఆ ఏడు చలికాలంలో ఖాన్ చాచా అన్న పోయాడు. ఎదురింట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదు, మా ఇంటి నుంచే అన్నం వెళ్లింది. ఆ తరువాత పెద్ద ప్రశ్న వచ్చిపడింది. పాగా ఎవరికి? వరస ప్రకారం ఖాన్ చాచాదే. ఆయన రాకపోతే ఊళ్లోనే ఉన్న చిన్నాన్న కొడుకుకు చుడతారు. వెళ్తే ఇక్కడ డ్యూటీ పోయినట్టే, కంపెనీ మధ్యలో సెలవివ్వదు. వెళ్లకపోతే అయిదు తరాలుగా తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి వచ్చిన పాగా పక్క ఇంటికి పోతుంది. మేస్త్రీ చాచా అయితే వెళ్లాల్సిందే అని తిరుగుతున్నాడు, పాగా తనకే చుడుతున్నంత ఆత్రంగా. ఖాన్ చాచా మాత్రం ఒకటే మాట అన్నాడట. అమ్మను అడుగుతూ కబురు పంపాను, ఆమె రమ్మంటే వెళ్తాను, ఉండమంటే ఉంటాను. ఖాన్ తల్లి మాటను ఆ జిల్లాలో ఏ పెద్దా కాదనడు.

ఆ తల్లి జవాబు క్యాసెట్ గురువారం సాయంత్రం మా అంగడికి చేరింది. ఖాన్ చాచా ట్యాంకర్ మీద దూరం పోయి ఉన్నాడు. అబ్బా దాన్ని భద్రంగా టేప్ రికార్డర్ మీద పెట్టి, ఈ కబురు చెప్పడానికి ఎదురింటికి వెళ్లాడు. వెళ్లినవాడు టీకి కూర్చున్నాడు.

ఆ రోజుల్లో నేను బహ్లా రేడియో నడుపుతుండేదాన్ని. అనౌన్సరు, వార్తలు, పాటలు అన్నీ నేనే. శ్రోత మా తమ్ముడు, వాడికి రెండేళ్లు. నా సొంత క్యాసెట్ ఒకటుండేది, అదీ ఇదీ ఒకే రంగు. నేను దాన్ని పెట్టాననుకుని దీన్ని పెట్టాను. ఎక్కడి దాకా తిరిగి ఉందో చూడలేదు, కాసేపు ముందుకు తిప్పి ఎర్రమీట నొక్కాను. ఇవాళ పప్పు మాడిందని వార్తలు చదివాను. మా కోడి మీద నేనే కట్టిన పాట పాడాను. తమ్ముడు ఏడ్చాడు. ఆ ఏడుపుకు అమ్మ వచ్చింది, అబ్బా మిషను దగ్గర లేడని చూసింది, ఇంక అందుకుంది. భయపడి ఆపేశాను. క్యాసెట్‌ను తీసి ఉన్నచోటే పెట్టాను కూడా. అది నాది కాదని అప్పుడైనా తెలియలేదు.

శుక్రవారం సందు నిండిపోయింది. పక్క ఊళ్ల సైట్ల నుంచి కూడా ఆ జిల్లావాళ్లు వచ్చారు. మేస్త్రీ చాచా కొత్త బట్టలు వేసుకున్నాడు. ఖాన్ చాచా కిటికీకి దగ్గరగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అబ్బా మీట నొక్కాడు. ముసలమ్మ గొంతు వచ్చింది, నిదానంగా, మధ్యమధ్య దగ్గుతో. ఆమె అందరి క్షేమాలూ అడుగుతోందని మేస్త్రీ చాచా అబ్బాకు చెవిలో చెప్తున్నాడు. పోయిన కొడుకు గురించి రెండు మాటలంది. తరువాత ఖాన్ చాచాను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. ఆయన ముందుకు వంగాడు. టక్‌మని ఒక చప్పుడు. బహ్లా రేడియో, వార్తలు వింటారు.

అది నా గొంతు. వార్తలు, కోడి పాట మొత్తం రెండు చరణాలు, తమ్ముడి ఏడుపు, ఆ తరువాత అమ్మ తిట్లు. ఎవరూ ఆపలేదు. ఎక్కడో ఒకచోట మళ్లీ ముసలమ్మ వస్తుందన్న ఆశ. వచ్చింది. దువా ముగించి ఆమీన్ అంది, అంతే.

ఖాన్ చాచా లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. ముందున్న టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. నేను అప్పటికి అబ్బా కత్తిరించే బల్ల కింద ఉన్నాను. అబ్బా నన్ను కొట్టలేదు, తిట్టలేదు, బల్ల పక్కన కింద కూర్చుండిపోయాడు. అమ్మ బాధ ఇంకొకటి. నలభై మంది మగవాళ్లు తన గొంతు, అదీ తిడుతున్న గొంతు విన్నారని కొంగు నోట్లో కుక్కుకుంది.

శనివారం ట్యాంకర్ వచ్చింది, హారన్ మోగలేదు. మధ్యాహ్నం ఆయన సందులోకి రాలేదు. కిటికీలోంచి చూస్తే ఒక్కడే పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. ఒక మనిషి ఒంటరిగా తినడం చూసి ఏడుపొచ్చింది నాకు అదే మొదటిసారి. ఆదివారం పొద్దున ఒకతను వాళ్ల జిల్లాకు వెళ్తున్నాడు. జవాబు అతనితోనే పోవాలి. అతను దాటితే నలభయ్యో రోజులోగా చేరేవాళ్లు ఇంకెవరూ లేరు. తల్లి రమ్మందో, ఉండమందో తెలియకుండా ఆయన ఏమని చెప్పి పంపాలి?

మేస్త్రీ చాచా దొడ్డిదారిన వచ్చి అబ్బాకు ఉపాయం చెప్పాడు. తప్పు చేసినవాళ్లు మేకను తీసుకుని నష్టపోయినవాడి గుమ్మానికి వెళ్తారు, ఏమీ మాట్లాడరు, లోపలికి వెళ్లి కూర్చుంటారు. దాన్ని ననవాతే అంటారు. అలా లోపలికి వచ్చినవాణ్ని పఠాన్ తిప్పి పంపకూడదు. నువ్వూ పఠాన్‌వే కదా, నీకు ఈ హక్కు ఉంది అన్నాడు. అబ్బా ఆ మాటకు కాస్త నిటారుగా కూర్చున్నాడు. మా ఇంటిపేరు మాకు ఒక పనికి రావడం అదే మొదలు.

బక్రీదుకు పది రోజులే ఉంది కాబట్టి సూక్‌లో మేకలకు కొదవ లేదు. అబ్బా నిదానమైనదాన్ని ఇమ్మని అడిగి మరీ తెచ్చాడు. అది సందులోకి వచ్చేలోపే ఎవరిదో దిష్‌దాషా కుచ్చు నమిలేసింది. అబ్బా పాగా చుట్టుకున్నాడు, ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో నేను. గుమ్మం ముందు ఆగి, ధైర్యం కూడగట్టుకుని, బిస్మిల్లా అని మెల్లగా అడుగుపెట్టాలని ఆయన ఆలోచన. మేకకు లోపల తందూరు పక్కన పరిచిన పచ్చగడ్డి కనపడింది. ఒక్క గుంజు గుంజింది. మేం ముగ్గురం ఒకేసారి లోపల పడ్డాం. పాగా విచ్చుకుని గుమ్మం నుంచి ఖాన్ చాచా కాళ్ల దాకా పరుచుకుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పడుతున్న కష్టం మాత్రం అందరి మీసాల్లో కనపడుతోంది. ఖాన్ చాచా లేచి వచ్చి అబ్బా రెండు చేతులూ పట్టుకుని లేపి, గోడవార దిండు దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు. క్షమించానని వేరే చెప్పలేదు, చెప్పరట. కొంతసేపటికి మేస్త్రీ చాచాతో కాక అబ్బాతో ఉర్దూలో అన్నాడు.

“నా తల్లి ఏమన్నదో అల్లాకు తెలుసు. ఆ చోట నా చెవిన పడింది మీ ఇంటి తల్లి మాట. ఆమె ఏమన్నదో అది చెప్పు.”

అబ్బా మొహం ఎర్రబడింది. ఏదో పిల్లల్ని కోప్పడిందని నసిగాడు. సందు అవతల మా తలుపు వెనక నిలబడి వింటున్న అమ్మకు ఉర్దూ బాగానే తెలుసు. అబద్ధం సహించని మనిషి. పైగా ఎలాగూ నలభై మంది విననే విన్నారు. తలుపు చాటు నుంచే తెలుగులో మొదలుపెట్టింది, అబ్బా ఉర్దూలోకి మార్చక తప్పలేదు.

“నేనేం ఎవురికీ తీర్పు చెప్పల్యా. ఈయప్పను తిడతాంటి. పండగ నెత్తి మింద ఉండాది, గుడ్డలన్నీ అట్లే పడుండాయి. ఈయప్పేమో పాగా సుట్టుకోని పెద్దమనిషి మాదిరి కూసోనుండాడు. పాగా సుట్టుకుంటే ఎవురి కడుపు నిండుతాది? చేతిలో ఉండే పని సక్కంగ చేసుకోమనింటి. ఎదురు సూసేవాళ్లు యాడుంటే మనిషి ఆడుండల్ల అనింటి.”

అబ్బా చివరి మాటను మింగబోయాడు. “అది గూడా చెప్పు” అంది తలుపు.

ఖాన్ చాచా చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా మొదలైన నవ్వు భుజాలు కదిలే దాకా వచ్చింది, దాంతో అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న ఇరవై మందీ ఒక్కసారిగా పగలబడ్డారు. అక్కడ నలభై మంచాలు, ఇక్కడ నలభై తొట్లు, మంచాలు రెండు రోజులు ఆగగలవు కానీ తొట్లు ఆగవు అన్నాడు. పాగా చిన్నాన్న కొడుక్కే చుట్టమని జవాబు పంపాడు. మేస్త్రీ చాచా ఒక్కడే గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. మేక ఆ సాయంత్రమే పులావ్ అయింది. అందులో మొదటి ముద్ద నాకే తినిపించారు. మర్నాడు హారన్ మూడుసార్లు మోగింది.

కానీ నాకు మనసులో ముల్లు పోలేదు. రోజూ కిటికీలోంచి ఆయన మొహం చూసేదాన్ని. వాళ్లమ్మ రమ్మని ఉంటే? అడిగే ధైర్యం లేదు. రెండు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఖాన్ చాచా మట్టి గిన్నెలో కుంకుమపువ్వు వేసిన వేడి హల్వా పట్టుకుని మా అంగడికి వచ్చాడు. ఊరి నుంచి ఉత్తరం వచ్చిందన్నాడు. క్యాసెట్‌లో అమ్మ ఏమందో తెలిసిందన్నాడు. నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

“మీ అమ్మ ఏమన్నదో మా అమ్మా అదే అన్నది బేటీ. ఉండిపొమ్మన్నది.”

ఆ హల్వా ముప్పాతిక వంతు నేనే తిన్నాను. ఆ రోజున్నంత తేలిగ్గా నేను ఇంకెప్పుడూ లేను. అమ్మ కూడా, తెలివైన ఆడవాళ్లంతా ఒకేలా ఆలోచిస్తారని వారం రోజులు అబ్బాకు వినపడేలా అనుకుంది.

ఖాన్ చాచా ఇంకో పన్నెండేళ్లు మా సందుకు నీళ్లు పోశాడు. తరువాత ఊరికి వెళ్లి, అక్కడే పోయాడు. రెండేళ్ల కిందట అబ్బా అంగడి మూసేసినప్పుడు సామాన్లు సర్దడానికి నేను బహ్లా వెళ్లాను. మేస్త్రీ చాచా వచ్చాడు. ఆయనకిప్పుడు కర్ర కావాలి. ఎదురిల్లు కూలిపోయి మట్టికుప్పగా ఉంది, ఆ కుప్ప మీదే ఇద్దరం కూర్చుని టీ తాగాం. ఆయన చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఒక ఒట్టు ఉంది, దాన్ని ఇంక మోయలేనన్నాడు.

క్యాసెట్ నింపిన రోజు ఖాన్ తల్లి ముందు మైకు పట్టుకుని కూర్చున్నది మేస్త్రీ చాచా తల్లేనట. రెండు నెలల తరువాత ఉత్తరం రాయించింది కూడా ఆమే, ఈయన పేరునే వచ్చింది. ట్యాంకర్‌లో పక్కన కూర్చుని ఈయనే చదివి వినిపించాడు.

“ఆ తల్లి రమ్మన్నది. నీ తలకు పాగా చుట్టేది చూడకుండా కళ్లు మూయను, ఈ క్యాసెట్ చేరిన రోజే బయలుదేరు అన్నది.”

అప్పటికి పాగా చుట్టేశారు. ఖాన్ చాచా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడట. సైట్‌లోవాళ్లు నీళ్ల కోసం వచ్చి, ఆయన్ను చూసి, వెనక్కి వెళ్లిపోయారట. ఎంతసేపటికో తలెత్తి, సూక్‌కు పోయి హల్వా పట్రా, ఆ పిల్ల రోజూ కిటికీలోంచి నా మొహం చూస్తోంది అన్నాడట. నాకు ఎప్పుడూ చెప్పొద్దని అక్కడే ఒట్టు వేయించుకున్నాడట. ముసలమ్మ ఏమైందని అడిగాను. ఆ ఏడాదిలోనే పోయిందన్నాడు మేస్త్రీ చాచా. ఆమె ఉండగా ఆయన వెళ్లలేకపోయాడు.

టీ చల్లారిపోయింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. ఏడుస్తూనే లెక్క వేసుకున్నాను, ఆ పన్నెండేళ్లలో ఆయన ఒక్కసారైనా నన్ను ఎత్తిపొడిచాడా, ఒక్కసారైనా ఆ క్యాసెట్ మాట ఎత్తాడా అని. ఒకసారి ఎత్తాడు. నేను పదో తరగతి పాసైన రోజు, సందులో పది మంది ముందు. పాట కట్టడం వరకు బాగానే కట్టావు బేటీ, కానీ ఆ రెండో చరణం విన్నప్పటి నుంచి చెప్దామనుకుంటున్నాను, నువ్వు ఇంకెప్పుడూ పాడకు అన్నాడు. ఆ మాటకు నేను ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు.